చేతికి పని నేర్పిన వైద్యుడు

ప్రొద్దున నిద్ర లేచినది మొదలు రాత్రి పరుండు వరకు మన చేతులు చేయు పనులకు లెక్క లేదు. ముఖము కడుగుకొనుట, చొక్కాకు బొత్తాములు పెట్టుకొనుట, అన్నము కలిపి ముద్దచేసి నోటికి అందించుకొనుట, కలము పట్టి వ్రాయుట, పెద్దలకు నమస్కరించుట మున్నగునవి యన్నియు మన ప్రయత్నము లేకయే జరిగిపోవుచున్నట్లు తోచును. చేతినిండ పని యున్నదన్నచో ఆ మనుష్యునకు బ్రతుకుతెరువు కలదని మన భాషలో అర్థము. చేయి చాచినాడన్నచో యాచనకు దిగినాడని అర్థము. ఒక్క చేతిలోనే మానవుని బలమును, దైన్యమును గూడ మనవారు చూచిరి.

అట్టి చేయి వ్యాధిచేత చచ్చుబడి, వ్రేళ్లు లోనికి ముడుచుకొనిపోయినచో ఆ మనుష్యుని గతి యేమి? ముందు కంచములో అన్నమున్నను ముద్ద యెత్తలేడు. నేర్చిన వృత్తి చేయలేడు. పూర్వము కుష్ఠువ్యాధి సోకిన లక్షలాది జనులకు ఇట్టి దుర్దశయే పట్టుచుండెను. వారి చేతులు ఇక బాగుపడవని లోకమే గాక వైద్యులు గూడ నమ్మియుండిరి. ఆ నమ్మకమును తొలగించి, ముడుచుకొనిపోయిన చేతులను తెరచి, వానికి మరల పని నేర్పిన మహనీయుడు డాక్టరు పాల్ బ్రాండ్. ఆయన వైద్యుడగుటకు పూర్వము వడ్రంగము, తాపీపని నేర్చినవా డగుట ఈ కథలో గమనింపదగిన విశేషము.

పాల్ విల్సన్ బ్రాండ్ 1914వ సంవత్సరము జూలై 17వ తేదీన తమిళదేశమందలి కొల్లిమలలో జన్మించెను. ఆయన తలిదండ్రులు జెస్సీ బ్రాండ్, ఎవెలిన్ అను ఇంగ్లీషు క్రైస్తవ మిషనరీలు. ఆ కొండలపై ఆ కాలమున సరియైన బాట లేదు, వైద్యశాల లేదు, చలిజ్వరముల బాధ మిక్కుటము. జెస్సీ బ్రాండ్ కొద్దిపాటి వైద్యము నేర్చినవాడు. అతడు కొండజనులకు మందులిచ్చుచు, పండ్లు పీకుచు, పుండ్లు కడుగుచు, ఇండ్లు కట్టుట నేర్పుచు కాలము గడపెను. పాల్, అతని చెల్లెలు కానీ చెట్లెక్కుచు, వాగులలో ఆడుచు, కొండపిల్లలతో కలసి పెరిగిరి. ఏ పురుగు ఎచ్చట గూడు కట్టునో, ఏ మ్రాను చేవ గలదో తండ్రి వారికి చూపి చెప్పుచుండెను. కంటితో చూచి, చేతితో తాకి నేర్చుకొను అలవాటు పాల్‌కు ఆ కొండలమీదనే అబ్బెను.

ఆ బాల్యమునందలి యొక సంఘటన అతని మనస్సులో చెరగక నిలిచెను. ఒకనాడు ముగ్గురు అపరిచితులు కొండ యెక్కి వారి యింటికి వచ్చిరి. వారి వ్రేళ్లు మొద్దులైయుండెను, పాదములకు పుండ్లు. ఏ రోగియైనను వచ్చినచో చొరవతో దగ్గరకు పోవు తండ్రి ఆనాడు చేతులకు తొడుగులు తొడిగికొని వారి పుండ్లు కడిగి కట్లు కట్టెను. తల్లి వారికి తినుటకు ఏదో యిచ్చెను. వారు వెడలిపోయిన పిమ్మట వారు కూర్చున్న తావున ఆడుకొనరాదని పిల్లలకు చెప్పిరి. వారు కుష్ఠురోగులని బాలుడు అప్పుడు తెలిసికొనెను. ఎవ్వరికిని వెరవని తన తండ్రిని గూడ వెరపించు వ్యాధి యొకటి కలదను భయము, ఆ ముగ్గురు మారుమాటాడక కొండ దిగిపోయిన తీరును చూచి కలిగిన జాలి, రెండును ఆ పసిమనస్సులో ఒక్కసారే నాటుకొనెను.

తొమ్మిదవ యేట, అనగా 1923లో, చదువుకొరకు పాల్‌ను చెల్లెలితో గూడ ఇంగ్లండునకు పంపిరి. తలిదండ్రులు తిరిగి కొల్లిమలకు వచ్చిరి. తండ్రి తన కుమారునకు ఓడ టపాలో జాబులు వ్రాయుచుండెను. ఆ జాబులనిండ చెట్లు, పక్షులు, కొండజనుల ముచ్చటలు ఉండెడివి. 1929లో జెస్సీ బ్రాండ్ విషజ్వరముతో ఆ కొండలమీదనే మరణించెను. ఆ వార్త తంతి ద్వారమున ఇంగ్లండునకు వెంటనే చేరెను గాని, అంతకు పూర్వము ఆయన వ్రాసిన జాబులు ఓడలో నెమ్మదిగా వచ్చుచుండెను. తండ్రి లేడని తెలిసిన తరువాత గూడ కొన్ని వారములు తండ్రి చేవ్రాత ఆ బాలునకు అందుచునే యుండెను. అప్పటికి పాల్‌కు పదునైదేండ్లు నిండలేదు.

తండ్రివలె కొండజనులకు సేవచేయవలెనని అతడు తలచెను. అందులకు ఇండ్లు కట్టు విద్య అక్కరకు వచ్చునని నమ్మి, పదునారవ యేట బడి మాని గృహనిర్మాణపు పనిలో చేరెను. ఐదు సంవత్సరములు రాళ్లు చెక్కుట, ఇటుకలు పేర్చుట, చిత్రికపట్టుట, కొయ్యలు అతుకుట నేర్చెను. ఉలి యెంత లోతు దిగవలెనో, ఏ కొయ్య ఎంత బరువును మోయునో చేతికి తెలిసివచ్చెను. వైద్యము మాత్రము అతనికి గిట్టలేదు. తండ్రి పుండ్లు కడుగుచుండగా చూచిన దృశ్యములు, చీము, నెత్తురు అతనికి రోత పుట్టించెడివి. వైద్యవిద్య చదివింతుమని బంధువులు ముందుకు వచ్చినను అతడు అంగీకరింపలేదు.

తరువాత విదేశములకు పోవువారికి ప్రథమచికిత్స నేర్పు ఒక విద్యాలయమున అతడు సంవత్సరకాలము చదివెను. ఆ శిక్షణలో భాగముగా ఆసుపత్రిలో పనిచేయుచుండగా, ఒకనాటి రాత్రి నెత్తురు పోయి పాలిపోయిన ఒక యువతిని అచ్చటికి తెచ్చిరి. ఆమెకు నెత్తురెక్కించిరి. చూచుచుండగనే ఆమె బుగ్గలపై ఎఱ్ఱదనము ప్రాకెను. కన్ను తెరచి నీరు అడిగెను. ఆ దృశ్యముతో పాల్ మనస్సు మారిపోయెను. తాను రోతపడిన నెత్తురే ప్రాణమై నిలుచుట అతడు కన్నులార చూచెను. 1937లో లండనులోని యూనివర్సిటీ కాలేజి వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. బాంబులచేత గాయపడినవారిని, కాళ్లు చేతులు నుగ్గైనవారిని రేయింబవళ్లు చూచుచు శస్త్రచికిత్సలో ఆరితేరెను. తనతో చదివిన మార్గరెట్ బెర్రీని 1943లో వివాహమాడెను.

1946వ సంవత్సరాంతమున డాక్టరు బ్రాండ్ మరల మన దేశమునకు వచ్చెను. మన చిత్తూరునకు చేరువనే గల రాయవేలూరులో క్రైస్తవ వైద్యకళాశాల కలదు. అమెరికాదేశస్థురాలగు డాక్టరు ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాలయే అట్లు పెరిగినది. తెలుగుదేశమునుండి నేటికిని ఎందరో రోగులు అచ్చటికి పోవుచుందురు. ఆ కళాశాలలో శస్త్రచికిత్స బోధించుటకు ఆయన చేరెను. మార్గరెట్ నేత్రవైద్యము చేపట్టి, తరువాతి కాలమున కుష్ఠురోగుల కన్నులను కాపాడుటలో ప్రసిద్ధురాలయ్యెను.

ఆ కాలమున చెంగల్పట్టులో కుష్ఠురోగులకొరకు ఒక ఆరోగ్యాశ్రమముండెను. దాని అధిపతి డాక్టరు రాబర్ట్ కాక్రేన్ ఆ వ్యాధిని గూర్చి లోకమున పేరెన్నికగన్న పండితుడు. 1947లో బ్రాండ్ ఆ ఆశ్రమమును చూడబోయెను. తోటలో నడచుచు ఆయన రోగుల చేతులను చూచెను. నమస్కారమునకై ఎత్తిన చేతులలో పెక్కింటికి వ్రేళ్లు గ్రద్దగోళ్లవలె వంగియుండెను. ఈ చేతులు ఇట్లేల ఐనవని బ్రాండ్ ప్రశ్నించెను. తాను చర్మవైద్యుడననియు, ఎముకల వైద్యుడు బ్రాండే గాన అతడే చెప్పవలెననియు, లక్షలమంది చేతులు ఇట్లున్నను ఎముకల వైద్యుడొక్కడైనను ఇంతవరకు వానిని పరీక్షింపలేదనియు కాక్రేన్ బదులు చెప్పెను. ఆ మాట బ్రాండును నాటినది. ఎదుట నున్న ఒక యువకుని చేతిలో తన చేయి యుంచి, శక్తికొలది పిసుకుమని ఆయన కోరెను. ఆ చేయి బొత్తిగా చచ్చినదని ఆయన తలంపు. కాని యువకుడు పిసికిన పిసుకునకు బ్రాండ్ నొప్పితో కేక వేసెను. ఆ నొప్పియే ఆయనకు దారి చూపినది. చచ్చినదనుకొన్న చేతిలో ఇంత బలము దాగియుండుట ఎట్లని ఆయన ఆలోచనలో పడెను.

రాయవేలూరునకు తిరిగివచ్చి బ్రాండ్ తన శిష్యులతో గూడి కుష్ఠురోగుల చేతులను వందలకొలదిగా పరీక్షించెను. ఏ కండరము పనిచేయుచున్నది, ఏది చేయుటలేదు, ఎచ్చట స్పర్శ యున్నది, ఎచ్చట లేదు అను విషయములను వ్రాసి యుంచెను. క్రమముగా ఒక సత్యము తేటపడెను. కుష్ఠువ్యాధి చేతినంతటిని చంపదు. కొన్ని నరములను కొన్ని తావులలో మాత్రమే చెరచును. మోచేయి గోడకు తగిలినప్పుడు మనకు చిటికెనవ్రేలి వరకు జిల్లుమనును గదా! ఆ నరము మోచేతికడనే చెడిపోవును. మణికట్టు నడుమగా పోవు మరియొక నరము మణికట్టునకు కొంచెము పైన చెడిపోవును. అందుచే అరచేతిలోని చిన్న కండరములు చచ్చుబడి వ్రేళ్లు ముడుచుకొనును. కాని ముంజేతిలోని పెద్ద కండరములలో పెక్కింటికి బలము చెడదు. యువకుడు అంత గట్టిగా పిసుకగలిగినది ఆ బలముచేతనే.

వైద్యునిలోని వడ్రంగి అప్పుడు మేల్కొనెను. ఒక దూలము పుచ్చినచో ఇల్లంతయు కూల్చరు. గట్టి దూలమొకటి తెచ్చి దాని బరువును దీనిపై మోపుదురు. అట్లే బలముగల కండరముయొక్క స్నాయువును, అనగా కండరమును ఎముకకు కట్టియుంచు త్రాటివంటి దానిని, మరియొక దారిని త్రిప్పి వ్రేళ్లకు కుట్టినచో వ్రేళ్లు మరల తెరచుకొనవలెను. ఇతర కారణములచేత చచ్చుబడిన చేతులకు ఇట్టి చికిత్స అప్పటికే పాశ్చాత్యదేశములలో కలదు. కాని కుష్ఠురోగి మాంసము చెడ్డదనియు, గాయము మానదనియు లోకప్రవాదము. అట్టి రోగిని చేర్చుకొన్నచో తక్కిన రోగులు పారిపోదురని ఆసుపత్రివారు గూడ జంకిరి. ఆ జంకును దాటి 1948లో బ్రాండ్ మొదటి శస్త్రచికిత్స చేసెను. ఆ రోగి చదువుకొన్నవాడు, మంచి కుటుంబమునకు చెందినవాడు. వ్యాధి సోకి వీధులపాలై బిచ్చమెత్తుచుండెను. పాతకాలపు నమ్మకము వమ్మైనది. గాయము అందరికివలెనే చక్కగా మానెను. కొన్నాళ్లకు ఆ యువకుడు తన వ్రేళ్లతో అన్నము కలిపి ముద్ద యెత్తి తినెను. చూచుచున్నవారి కన్నులు చెమర్చెను.

అయితే కత్తితో జరుగు పని కొంతయే. మిగిలినది రోగి చేయవలసినది. ఉంగరపు వ్రేలిని వంచు స్నాయువును బొటనవ్రేలికి కుట్టిరనుకొందము. రోగి బొటనవ్రేలిని కదలింపదలచినచో మొదట ఉంగరపు వ్రేలిని వంచుచున్నట్లు భావింపవలెను. మెదడునకు పాతదారి మరపించి క్రొత్తదారి నేర్పవలెను. మూడు వారములపాటు చేయి పిండికట్టులో నుండును. కట్టు విప్పిన తరువాత దినదినము సాధన చేయవలెను. నూనె రాచి బిగిసిన కీళ్లను మర్దించుట, మెత్తని వస్తువును పట్టుట, పిమ్మట చిన్న వస్తువును ఎత్తుట, అటుపిమ్మట కలము పట్టుట అను మెట్లు క్రమముగా ఎక్కవలెను. పసివాడు అక్షరములు దిద్దినట్లు పెద్దవాడు తన వ్రేళ్లను దిద్దుకొనవలెను. ఈ విద్యలో నేర్పరియగు రూత్ థామస్ అను ఫిజియోథెరపిస్టు రాయవేలూరు వచ్చి బ్రాండునకు కుడిభుజమయ్యెను. వ్యాధి నయమైన యువకులకే ఈ పని నేర్పి, వారిచేత క్రొత్త రోగులకు సాధన చేయించు పద్ధతి ఏర్పడెను. తన చేతిని దిద్దుకొన్నవాడు ఎదుటివాని ఓర్పును పెంచుటకు తగినవాడు గదా!

ఇంతలో ఎవ్వరును ఊహింపని చిక్కు వచ్చిపడెను. చికిత్స పొంది సంతోషముతో ఇండ్లకు పోయినవారిలో కొందరు కొలది మాసములకే దిగులుతో తిరిగివచ్చిరి. ముడుచుకొనిన చేతులను చూచి జాలితో కాసు వేసినవారు, బాగైన చేతులను చూచి వేయుట మానిరట! పనిచేసి బ్రతుకుదమన్నచో వ్యాధి మచ్చలు చూచి పని యిచ్చువారు లేరు. అద్దెకు గది యిచ్చువారు లేరు. క్రొత్త చేతులు బిచ్చమునకు గూడ పనికిరాకున్నవని వారు మొరపెట్టుకొనిరి. బ్రాండ్ తల వంచుకొని వినెను. చేయి బాగుచేసి మనుష్యుని మరచితినని ఆయన తెలిసికొనెను. వ్రేళ్లు తెరచినంతనే వైద్యము ముగియదు. ఆ వ్రేళ్లు కూడు సంపాదించిననాడు గాని అది పూర్తికాదు.

అందులకై 1950 ప్రాంతమున కళాశాల ఆవరణలోనే నవజీవన కేంద్రమను చిన్న పల్లెను ఆయన నెలకొల్పెను. ఒక వృద్ధ మిషనరీ తాను దాచుకొన్న సొమ్మును దానికై యిచ్చెను. సున్నము పూసిన చిన్న యిండ్లు, నడుమ ఒక పనిశాల, అంతియే ఆ పల్లె. అందు నివసించు యువకులకు బ్రాండ్ తానే ఉలి, రంపము చేతబట్టి వడ్రంగము నేర్పెను. వారు కొయ్యతో పిల్లలు ఆడుకొను బొమ్మలు చేసి అమ్మజొచ్చిరి. ఐదేండ్లు వృథా యయ్యెనని తాను ఒకప్పుడు చింతించిన గృహనిర్మాణవిద్య ఎందులకు నేర్చితినో ఆయనకు అప్పుడు బోధపడెను. నేర్చిన విద్య యేదియు వ్యర్థము కాదు.

పనిశాల మరియొక రహస్యమును బయటపెట్టెను. కుష్ఠువ్యాధిచేత వ్రేళ్లు వానియంతట అవియే రాలిపోవునని అందరును నమ్మియుండిరి. బ్రాండునకు ఆ నమ్మకముపై అనుమానము కలిగెను. ఒకనాడు కొట్టుగది తాళము త్రుప్పుపట్టి ఆయనకు రాలేదు. ఒక చిన్న పిల్లవాడు ముందుకు వచ్చి తాళపుచెవిని చటుక్కున త్రిప్పెను. ఇంత బలము వీని కెక్కడిదని ఆశ్చర్యపడి బ్రాండ్ క్రిందికి చూచునప్పటికి నేలపై నెత్తుటి చుక్కలు కనబడెను. పిల్లవాని వ్రేలు ఎముక కనబడునంతగా తెగియుండెను. వానికి ఆ సంగతియే తెలియదు! నొప్పి తెలిసినవాడు తాళపుచెవి వ్రేలిని కోయకముందే పట్టు సడలించును. నొప్పి తెలియనివానికి ఆపుమని హెచ్చరించువారు లేరు. వ్రేళ్లను తినుచున్నది వ్యాధి కాదు, నొప్పి లేమి యని బ్రాండ్ గ్రహించెను.

నాటినుండి ఆయన ప్రతి గాయమునకు కారణము వెదకసాగెను. యువకులు ప్రతిదినము తమ చేతులను తామే పరీక్షించుకొని గాయమున్నచో అది ఎట్లు కలిగెనో చెప్పవలెను. ఒకడు కాగిన గిన్నెను వట్టిచేతులతో ఎత్తినాడు. ఒకడు బెజ్జముపడిన సుత్తిపిడి పట్టి దినమంతయు పనిచేసినాడు. అట్లు పనిముట్ల పిడులను లావుగను, నున్నగను చేయుట, వేడి వస్తువులకు గుడ్డ వాడుట, చిన్న గాయమునకైనను కట్టుకట్టి విశ్రాంతి నిచ్చుట నియమములయ్యెను. ఐనను కొందరి వ్రేళ్లు రాత్రికి రాత్రి కొంత తరిగి కనబడుచుండెను. కారణ మెంత వెదకినను దొరకలేదు. తుదకు ఒక రాత్రి మేలుకొని కనిపెట్టగా, ఎలుకలు వచ్చి నిద్రించువారి వ్రేళ్లను కొరుకుచుండుట కనబడెను. స్పర్శ లేని కారణమున వారికి మెలకువ రాలేదు. వెంటనే ఆ పల్లెకు పిల్లులను తెచ్చిరి. చికిత్స ముగించుకొని ఇంటికి పోవు రోగి వెంట ఒక పిల్లిని గూడ పంపు ఆచారము ఏర్పడెను. ఇట్టి జాగ్రత్తలచేత వ్రేళ్లు తరుగుట ఆగిపోవుటయే గాక, ఒక పాత అపవాదు గూడ తొలగెను.

బిగిసిపోయిన వ్రేళ్లను సాగదీయుటలో గూడ బ్రాండ్ చూపిన మార్గము గమనింపదగినది. పుట్టుకతోనే పాదములు వంకరగా నున్న శిశువులకు ఆయన చికిత్స చేయుచుండెను. ఆ కాలమున అట్టి పాదములను బలముతో త్రిప్పి సరిచేయుట వాడుక. దానివలన లోపల కణజాలము చిరిగి మచ్చకట్టి పాదము కొయ్యబారుచుండెను. బ్రాండ్ వేరు పద్ధతి పట్టెను. శిశువును ఆకలితో నుండగా తెప్పించి, తల్లి యొడిలో పాలు త్రాగుచుండగా పాదమును మెల్లగా సరిదిద్ది కట్టు కట్టుచుండెను. శిశువు పాలు త్రాగుట మానినచో, బలము మితిమీరినదని గుర్తు. వెంటనే చేయి సడలించెడివాడు. ఈ సూత్రమునే ఆయన రోగుల వ్రేళ్లకు అన్వయించెను. వ్రేలి చుట్టు పలుచని పిండికట్టు వేసి, కొలది దినముల కొకమారు మార్చుచు, మారు మారునకు కొంచెము కొంచెముగా వ్రేలిని చాపించుచుండెను. సజీవమైన కణజాలము లాగినచో చిరుగును. ఓర్పుతో పట్టియుంచినచో పెరుగును. తోటమాలి లేతతీగెను పందిరికి ప్రాకించునట్లు వైద్యుడు వ్రేలిని నిలువవలెను.

నొప్పి యొక వరమని ఆయనకు స్వానుభవముచేత గూడ తెలిసినది. ఒకమారు ఇంగ్లండునకు పోయినప్పుడు, దీర్ఘమైన రైలుప్రయాణము ముగించి, రాత్రి బసలో మేజోళ్లు విప్పుచుండగా ఒక మడమకు స్పర్శ లేనట్లు తోచెను. సూదితో గ్రుచ్చి చూచెను, నొప్పి తెలియలేదు. తనకును ఆ వ్యాధి సోకినదని నిశ్చయించుకొని, భార్యాబిడ్డలకు ఎట్లు దూరముగా నుండవలెనో చింతించుచు రాత్రియంతయు కన్ను మూయక గడపెను. తెల్లవారినంతనే మరల సూదితో గ్రుచ్చగా నొప్పికి ఆయన కేక వేసెను. కదలక కూర్చుండుటచేత నరము తిమ్మిరెక్కినది గాని వ్యాధి కాదు. ఆ ఉదయము ఆయన నొప్పికి కృతజ్ఞత తెలుపుకొనెను. తన రోగులు ప్రతిరాత్రి మోయు భారము ఎట్టిదో ఒక్క రాత్రిలో తెలిసికొనెను.

బ్రాండ్ శిష్యులలో డాక్టరు మేరీ వర్గీస్ చరిత్ర స్మరింపదగినది. 1954 జనవరిలో జరిగిన మోటారు ప్రమాదమున ఆమె నడుమునుండి క్రిందిభాగము చచ్చుబడెను. ఇక వైద్యవృత్తి ముగిసినదని ఆమె నిరాశ చెందెను. చేతి శస్త్రచికిత్స కూర్చుండి చేయదగినదనియు, ఆమె చేతులకు ఏ లోపమును లేదనియు బ్రాండ్ బోధించి ప్రోత్సహించెను. చక్రముల కుర్చీలో కూర్చుండి ఆమె కుష్ఠురోగుల చేతులను బాగుచేసెను. తరువాత విదేశములలో పునరావాసవైద్యము నేర్చి వచ్చెను. 1966లో రాయవేలూరున అంగవైకల్యము కలవారి పునరావాసమునకై ఆమె ఆధ్వర్యమున ఒక సంస్థ వెలసెను. 1972లో భారతప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుద మిచ్చెను. 1986లో ఆమె మరణించెను. కోల్పోయిన దానిని లెక్కింపక మిగిలినదానిని వినియోగించుట గురువు రోగులకు నేర్పిన పాఠము. శిష్యురాలు దానిని తన బ్రతుకున చూపెను.

బ్రాండ్ కీర్తి దేశదేశములకు ప్రాకెను. 1952లో లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్‌లో హంటర్ పేరిట జరుగు గౌరవోపన్యాసమును ఆయన కుష్ఠురోగుల చేతుల పునర్నిర్మాణముపై ఇచ్చెను. రాయవేలూరు సమీపమున కరిగిరిలో 1955లో ఆరంభమైన కుష్ఠువ్యాధి పరిశోధనాలయముతో ఆయనకు సన్నిహిత సంబంధముండెను. ఇతర దేశములనుండి వైద్యులు, ఫిజియోథెరపిస్టులు వచ్చి ఈ విద్య నేర్చుకొనిపోవుచుండిరి. 1960లో అమెరికావారి లాస్కర్ బహుమానమును, 1961లో బ్రిటిషు ప్రభుత్వపు సి.బి.ఇ. బిరుదమును ఆయన పొందెను. 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కార్విల్ అను చోటి జాతీయ కుష్ఠురోగ వైద్యశాలకు పోయి, ఇరువది సంవత్సరములు పునరావాసశాఖను నడపెను.

అచ్చట ఆయన ఒక గొప్ప ప్రయత్నము చేసి విఫలుడయ్యెను. నొప్పి తెలియని చేతులకు కృత్రిమమైన నొప్పిని కల్పింపవలెనని ఇంజనీర్లతో గూడి చేతితొడుగులలో చిన్న యంత్రములు అమర్చెను. ఒత్తిడి మితిమీరినచో అవి గంటధ్వనితోనో, వెలుగుతోనో హెచ్చరించును. కాని పనిలో మునిగినవారు ఆ హెచ్చరికను లెక్కచేయక పని సాగించిరి. మనుష్యుడు నిర్లక్ష్యము చేయజాలని హెచ్చరిక నొప్పి యొక్కటియే యని తేలినది. ఆ ప్రయత్నము ఫలింపకున్నను అచ్చట కలిగిన జ్ఞానము వ్యర్థము కాలేదు. మధుమేహముచేత పాదములకు స్పర్శ పోయినవారికి గూడ గాయములు అట్లే కలుగుచున్నవని బ్రాండ్ బోధించెను. తగిన చెప్పులు తొడిగి, ప్రతిదినము పాదములు చూచుకొన్నచో కాళ్లు తీసివేయు ప్రమాదము తగ్గునని ఆయన చెప్పిన మాట నేడు వైద్యలోకమున ఆచరణలో నున్నది. చేతి కదలికల శాస్త్రముపై ఆయన వ్రాసిన గ్రంథము 1985లో వెలువడినది.

డాక్టరు పాల్ బ్రాండ్ 2003వ సంవత్సరము జూలై 8వ తేదీన అమెరికాలోని సియాటిల్ నగరమున ఎనుబదియెనిమిదవ యేట కన్నుమూసెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుమందుల చికిత్సను సిఫారసు చేసిన తరువాత కుష్ఠువ్యాధి పూర్తిగా నయమగు వ్యాధియైనది. ఆలస్యము చేయక మందు వాడినచో చేతులు చెడవు. ఐనను ప్రమాదములలోను, పక్షవాతములోను, యంత్రములకడను చేతులు దెబ్బతినువారు నేటికిని ఎందరో కలరు. వారి వ్రేళ్లకు కట్లు కట్టి, మెల్లమెల్లగా సాధన చేయించి, తిరిగి పనిలో నిలుపు వైద్యులు, ఫిజియోథెరపిస్టులు నడచుచున్నది ఆ పెద్ద చూపిన బాటలోనే.

బాలబాలికలారా! ఈ మహనీయుని చరిత్రనుండి మనము గ్రహింపదగినవి పెక్కు కలవు. లక్షలమంది చూచిన చేతులనే ఆయనయు చూచెను. కాని ఇట్లేల ఐనదని అడిగినవాడు ఆయన. అందరును వెరచి దూరముగా నిలిచినచోట ఆయన తన చేయి చాచెను. ఆయన చేయి చాచుట యాచించుటకు కాదు, ఎదుటివాని చేతిలోని బలమును కనుగొనుటకు. వికలాంగులెవ్వరైనను మీ కంటబడినప్పుడు, వారు కోల్పోయినదానిని గాక వారికి మిగిలియున్న శక్తిని చూడుడు. జాలితో కాసు వేయుట సులభము. పని నేర్పి తమకాళ్లపై తాము నిలుచునట్లు చేయుట కష్టము. రెండవదియే నిజమైన సహాయము.